తుఫాను వెలిసిన తరువాత విశాఖపట్నం

కార్తీక శుద్ధ విదియనాడు నేను ఎక్కడ ఉన్నా సరే, విశాఖపట్నం వెళ్ళి మా అక్క చేతి భోజనం చేసి రావలసిందే. అక్కకు పెళ్ళయి ఆ ఊరు కాపురానికి వెళ్ళిన నాటినుంచీ నాకిది అలవాటు. భగినీహస్త భోజనం అంటారు దీన్ని. ఆ రోజు తోబుట్టువు చేతి అన్నం తిన్నవాడికి యముడి భయం ఉండదని పెద్దలు చెబుతారు. యముడి సంగతేమోగాని, మా అక్క వడ్డించిన తరువాత మూడు రోజులపాటు ఆకలి భయం మాత్రం ఉండదని మా ఆవిడ అంటుంది.

2014లో మాత్రం వెళ్ళాలా వద్దా అని కాస్త తటపటాయించాను. ఆ సంవత్సరం అక్టోబరు 12, ఆదివారం నాడు, హుద్‌హుద్ తుఫాను సరిగ్గా విశాఖపట్నం మీదనే తీరం దాటింది. హుద్‌హుద్ అనేది ఒక పిట్ట పేరు. ఒమన్ దేశంవారు సూచించిన పేరు. పిట్ట పేరు పెట్టుకుని వచ్చిన ఆ గాలి గంటకు నూట ఎనభై కిలోమీటర్ల వేగంతో వీచింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. టెలిఫోన్లు మూగబోయాయి. ఐదు రోజులపాటు అక్క ఉన్నదో లేదో కూడా మాకు తెలియలేదు. ఆరో రోజున ఎవరి ఫోనునుంచో మాట్లాడి, "నేను బాగానే ఉన్నానురా, నువ్వు విదియకు రావడం మానకు. వచ్చేటప్పుడు చీర తేకు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు పట్టుకురా" అని చెప్పి పెట్టేసింది.

విజయవాడనుంచి రైలులో వెళ్ళేవారికి అనకాపల్లి దాటగానే ఊరు దగ్గరపడుతున్న సూచనలు కనిపిస్తాయి. దువ్వాడ రాగానే కుడివైపు ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు, ఎడమవైపు సింహాచలం కొండ. ఎన్నిసార్లు చూసినా ఆ పచ్చదనం నాకు విసుగు పుట్టలేదు. ఆ రోజు కిటికీలోంచి చూస్తే కొండలన్నీ నిప్పంటుకుని ఆరిపోయినట్లు గోధుమరంగుగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నా ముఖం చూసి, "ఉప్పుగాలి మహిమ బాబూ! రాలని ఆకు మాడిపోయింది" అన్నాడు. రైలుపెట్టెలో ఎవరూ ఆ తరువాత మాట్లాడలేదు.

* * *

మా అక్క ఇల్లు పెదవాల్తేరులో. బావగారు హార్బరులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. కొడుకు బెంగుళూరులో ఉంటాడు. ఆ ఇంట్లో అక్క, బావగారు నాటిన ఒక మామిడిచెట్టు, అంతే.

వీధి మొదట్లోనే ఆటో ఆగిపోయింది. రోడ్డుకు రెండుపక్కలా నరికి పేర్చిన కొమ్మలు మనిషెత్తున ఉన్నాయి. మామిడిచెట్టు ఉండవలసిన చోట పడమటి ఆకాశం కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే, కొమ్మలన్నీ కొట్టేసిన మోడు ఒకటి నాలుగు తాళ్ళ ఆధారంతో స్తంభంలా నిలబడి ఉంది. వేళ్ళతో సహా ఒరిగిపోయిన చెట్టును వీధిలోని కుర్రాళ్ళు పదిమంది కలిసి లేవదీసి, మట్టి పోసి, తాళ్ళు కట్టారట.

"ఇది బతకదక్కా" అన్నాను.

"వచ్చీరాగానే నీ జాతకాలు విప్పకు. కాళ్ళు కడుక్కో. నీళ్ళు మాత్రం పొదుపుగా వాడు" అంది.

తుఫాను సంగతి ఆ రాత్రి చెప్పింది. పొద్దుటినుంచీ గాలి ఒకే వైపునుంచి కొట్టిందట. తలుపుకు బల్ల అడ్డంపెట్టి, ఆ బల్లమీద అక్క కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. పిట్ట అరుపు కూడా లేదు. వెలిసిపోయిందనుకుని పక్కింటి కుర్రాడు ఫొటోలు తియ్యడానికి వీధిలోకి పరుగెత్తాడు. వాళ్ళ తాతగారు చొక్కా పట్టుకుని లోపలికి ఈడ్చి, "ఇది తుఫాను కన్ను రా! ఇంకా సగం మిగిలి ఉంది" అన్నారట.

పెద్ద తుఫాను చక్రంలా తిరుగుతుంది. దాని నడుమ ప్రశాంతంగా ఉండే ఖాళీనే కన్ను అంటారు. ఆ కన్ను మనమీదుగా దాటిందంటే మొదట ఒక దిక్కునుంచి, కాసేపటికి సరిగ్గా ఎదుటి దిక్కునుంచి గాలి కొడుతుంది. మొదటి విడతలో వేళ్ళు కదిలిన చెట్లను రెండో విడత తోసిపారేసింది. విశ్వవిద్యాలయం తోటల్లో, ఉక్కునగరంలో, కంబాలకొండ అడవిలో కూలిన చెట్లను లెక్కపెట్టడం ఒకరివల్ల అయ్యే పని కాదు. పెదవాల్తేరు గ్రామదేవత పేరే కరకచెట్టు పోలమాంబ. చెట్టు పేరుతో దేవతను పిలుచుకునే పేటలో చెట్లు పోతే, మనుషులు పోయినట్లే చెప్పుకున్నారు.

అయితే ఒక మాట చెప్పాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. హుద్‌హుద్ నాడు పోయినవారు పదులలోనే. ప్రతి ప్రాణమూ ప్రాణమే. కాని ఈ తేడా దానంతటది రాలేదు. తుఫాను ఎక్కడ, ఎప్పుడు దాటుతుందో వాతావరణ శాఖవారు రోజుల ముందే చెప్పగలిగారు. తీరంలోని వారిని లక్షకు పైగా ముందుగానే తరలించారు. ప్రాణాలు మిగిలాయి గనుకనే మిగతావాటిని గురించి ఏడవడానికి మనుషులు ఉన్నారు.

* * *

మర్నాడు పొద్దున్నే ఊరు చూడబోయాను. దెబ్బతిన్న ఊరు కోలుకోవడానికి ఒక వరస ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

మొట్టమొదట వచ్చేది దీపమూ కాదు, నీళ్ళూ కాదు, రంపం చప్పుడు. దారి దొరికితేగాని ఏదీ రాదు గదా! రెండవది నీళ్ళు. కరెంటు లేకపోతే మోటారు లేదు. మోటారు లేకపోతే మేడమీది తొట్టిలో చుక్క ఉండదు. నాలుగో అంతస్తులో ఉండే కలవారు బకెట్లు పట్టుకుని, చెత్త వేసుకోవడానికి తప్ప పనికిరాదనుకున్న పాతకాలపు నూతుల దగ్గర వరసలో నిలబడ్డారు. మా అక్క ఎదురింటివారి నుయ్యి ఆ పది రోజులూ వీధికంతటికీ కన్నతల్లి అయింది. మూడవది పాలు, కూరలు. మొదటి రెండు రోజులూ పాలపేకెట్టు చెప్పిన ధరకు కొనుక్కోవలసిందే. తరువాత ప్రభుత్వంవారు లారీలలో బియ్యం, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు తెప్పించారు. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఊళ్ళోనే మకాం పెట్టారు. 14వ తేదీన ప్రధానమంత్రి మోదీగారు వచ్చి చూసి, తక్షణ సహాయంగా వెయ్యికోట్లు ప్రకటించారు.

నాలుగవది కరెంటు. స్తంభాలు వేలకువేలు పడిపోయాయి. వాటిని నిలబెట్టడానికి ఇతర జిల్లాలనుంచీ పొరుగు రాష్ట్రాలనుంచీ మనుషులు వచ్చారు. భాష రాని ఆ మేస్త్రీలకు వీధి వీధినా ఆడవాళ్ళు కాఫీలు, ఉప్మాలు అందించారు. హారతి పట్టడం ఒక్కటే తక్కువ. అందులోనే దీపావళి వచ్చింది. ఊరంతా ఎండుటాకులు, ఎండుకొమ్మలు. ఒక్క నిప్పురవ్వ చాలు. టపాకాయలు కాల్చవద్దని అధికారులు కోరారు. ఆ ఏడు విశాఖపట్నం ప్రమిదలతోనే పండుగ చేసుకుంది.

ఉక్కు కర్మాగారం సంగతి వేరు. ఇంట్లో పొయ్యి ఆరిపోతే మళ్ళీ వెలిగించుకోవచ్చు. బ్లాస్ట్ ఫర్నేసు చల్లబడితే లోపలి ఇనుము గడ్డకట్టుకుపోతుంది. దాన్ని మళ్ళీ దారికి తేవడం నెలల పని. అక్క పక్కింటాయన అక్కడే పని చేస్తాడు. ఆదివారం డ్యూటీకి వెళ్ళినవాడు మంగళవారం రాత్రి నడిచి ఇల్లు చేరాడు. "ఇల్లు ఏమయిందోనని దిగులు లేదా?" అని అడిగాను. "ఉంది. కాని ఫర్నేసు పోతే ఇల్లుండీ ఏం లాభం?" అన్నాడు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఊరూరా ఉద్యమించి తెచ్చుకున్న కర్మాగారమది. హక్కు అన్నమాటకు ఆ రాత్రి కాపలా కాసినవారికి తెలిసినంత అర్థం మరొకరికి తెలియదు కాబోలు.

వీధి చివరి కిరాణా కొట్టు దగ్గర ఆగాను. కొట్టాయన పద్దుపుస్తకం ఎండలో ఆరబెడుతున్నాడు. రేకు లేచిపోయి వాన లోపల పడిందట. సిరా కారిపోయి పేజీలన్నీ నీలంగా ఉన్నాయి.

"మరి బాకీలు?" అన్నాను.

"ఎవరి బాకీ వారే వచ్చి చెప్పారండి. రాసుకుంటున్నాను."

"అందరూ చెప్పారా?"

"ఒకరిద్దరు మరిచిపోయారండి. మరిచిపోయేవారు వాన లేకపోయినా మరిచిపోతారు" అని నవ్వాడు.

* * *

అక్కడనుంచి సముద్రపు ఒడ్డుకు దిగి పెద్దజాలారిపేట వెళ్ళాను. అక్క ఇంటికి ఇరవై ఏళ్ళుగా చేపలు తెచ్చే ఆవిడను చూసి రమ్మని అక్క పంపించింది.

బీచిరోడ్డు అంచు చాలాచోట్ల కెరటాలకు విరిగి ఉంది. ఇసుక విషయంలో ఈ ఊరికి పాత తగవే ఉంది. ఈ తీరంలో ఏటా కెరటాలు దక్షిణంనుంచి ఉత్తరానికి ఇసుకను మోసుకుపోతాయి. 1933లో ఓడరేవు తెరిచే నాటికే ఇసుక రేవులోకి రాకుండా రెండు పాత ఓడలను అడ్డంగా ముంచవలసి వచ్చింది. తరువాత వెలిహార్బరు గోడలు కూడా లేచాయి. రేవు దగ్గర ఆగిన ఇసుకను తవ్వోడతో తోడి, రామకృష్ణా బీచిలో పొయ్యడం ఓడరేవువారికి ఏటా తప్పని పని. రేవు వల్ల ఊరు పెరిగింది. రేవు వల్లనే ఒడ్డుకు రావలసిన ఇసుక ఆగింది. ఒడ్డున ఇసుక తక్కువైనప్పుడు తుఫాను కెరటం నేరుగా రోడ్డును కొడుతుంది.

జాలారిపేటలో పాకలకు కప్పులు లేవు. ఇసుకలో విరిగిన తెప్పలు, ఒకదానిలో ఒకటి చిక్కుకున్న వలలు. ఆవిడ ఆ చిక్కు విప్పుతూ కూర్చుంది.

"ఏటి సెప్పమంతావు బాబూ! తెప్ప నేదు, వల నేదు. ఇస్కూల్లో పెట్టినారు, పేనాలు దక్కినాయి. వొచ్చి సూస్తే ఇల్లు నేదు" అంది.

దూరంగా మెట్టమీద గట్టి ఇళ్ళు కట్టిస్తే వెళ్ళరా అని అడిగాను. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. సముద్రం కొట్టే చోట మళ్ళీ పాక వెయ్యడం దేనికి?

ఆవిడ వల వదిలి నావైపు చూసింది. "నానెల్తాను బాబూ. సముద్రాన్ని కూడా ఒట్టుకెల్లమంతావా?" అంది.

తరువాత నెమ్మదిగా వివరించింది. పొద్దున్నే గుమ్మంలో నిలబడి నీళ్ళ రంగు చూస్తేగాని మగవాడికి వేటకు పోవాలో వద్దో తెలియదు. తెప్ప ఒడ్డుకు చేరేసరికి ఆడది అక్కడ ఉండాలి, లేకపోతే బేరం పోతుంది. ఆరు మైళ్ళ అవతల మేడ కట్టించి ఇచ్చినా, బస్సు చార్జీలకే చేపలన్నీ సరి. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. ఆవిడ ఉన్నది అద్దె పాకలో. పాక పోయినందుకు సాయం వస్తే పాక కలవాడికి వస్తుంది. అందులో పోయిన బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, పాత టీవీ ఎవరి లెక్కలో రాయాలి?

మెట్ట ఎక్కుతూ ఆలోచించాను. ఊరు కోలుకుంది అని పత్రికలో ఒకే వాక్యంగా రాస్తాం. నిజానికి ఊరు అంతా ఒకే రోజున కోలుకోదు. బ్యాంకులో డబ్బున్న వీధి పదిరోజులకు లేస్తుంది. నెలజీతం వీధి రెండు నెలలకు. రోజుకూలి పేట ఎప్పటికి లేచిందో ఎవరూ రాసిపెట్టరు.

విదియనాడు అక్క మామూలుగానే వడ్డించింది. పప్పు, వంకాయ కూర, పులిహోర, పరమాన్నం. గ్యాసు దొరకక కట్టెలపొయ్యి మీద వండిందట. ఆ కట్టెలు బావగారి చెట్టువే. ముద్ద మింగుడు పడలేదు.

"అక్కా, ఈ ఇల్లు అమ్మేసెయ్యి. మాతో విజయవాడ వచ్చెయ్యి. అక్కడ సముద్రం లేదు, తుఫాను లేదు. నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాను.

అక్క పెరుగు వడ్డిస్తూ, "నేను చేపలావిడకు ఏడాది చేపల డబ్బు ముందే ఇచ్చేశాను. అది తినకుండా ఎలా వస్తానురా?" అంది.

* * *

తరువాత ఏటేటా వెళుతూనే ఉన్నాను. మొదటి నెలలోనే మోడులన్నిటికీ కాలం కాని కాలంలో చిగుళ్ళు వచ్చాయి. ఐదారు రోజులకే విమానాలు తిరిగాయి. 2016 ఫిబ్రవరిలో యాభై దేశాలదాకా నౌకాదళాలు వచ్చి ఇదే తీరంలో బారులుతీరాయి. విరిగిన బీచిరోడ్డు ఆనాటికి కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు తీగలను భూమి కిందికి దించే పని మొదలుపెట్టారు. పోయినదాన్ని ఉన్నట్టే తిరిగి కట్టడం ఒక పద్ధతి. మళ్ళీ పోకుండా కట్టడం మరొక పద్ధతి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన తరువాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించడం ఈ రెండవ పద్ధతి.

జాలారిపేటలో కొన్ని పాకలు డాబాలయ్యాయి, కొన్ని పాకలుగానే ఉన్నాయి. చేపలావిడ పేట విడిచి వెళ్ళలేదు. అక్క ఇచ్చిన డబ్బుకు సరిపడా చేపలు ఒకటిన్నర ఏడాదిలో తెచ్చి, "లెక్క సరిపోనాది సూసుకో అమ్మా" అని చెప్పి, మర్నాటినుంచి మామూలు బేరం మొదలుపెట్టిందట.

ఇక నా నిశ్చింత సంగతి. మాది విజయవాడలో సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, అదీ ఆదివారమే, బుడమేరు మా వీధిలోకి వచ్చింది. పెద్దవాన కురిసి, వాగు గట్టుకు గండ్లు పడ్డాయి. ఆ మర్నాడే కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. మేం పైవాటా వారింట్లో తలదాచుకున్నాం. అన్నం పొట్లాలు పడవల్లో వచ్చాయి, డ్రోన్లలో ఆకాశంనుంచి కూడా వచ్చాయి.

గాలి పగలగొట్టి వెళ్ళిపోతుంది. నీరు అలా కాదు. చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. నీరు తీసిన తరువాత ఇంట్లో చీలమండ లోతు బురద. పరుపులు, బీరువాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒకే రంగు. మంటలు ఆర్పే ఫైరింజన్లు వీధివీధికీ వచ్చి ఇళ్ళు కడిగాయి. మా ఆవిడ మాత్రం వేటికీ కంట తడి పెట్టలేదు; ఆ వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీలు బోర్లాపడి బురదలో కలిసిపోయి ఉండడం చూసి, గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. అద్దెకున్నవారు సామాను రిక్షాలోకి ఎక్కించుకుని వెళ్ళిపోతున్నారు. నేనూ ఇల్లు బేరం పెడదామని నిశ్చయించుకున్నాను.

అప్పుడు దిగింది మా అక్క. డెబ్బై దాటిన మనిషి. రెండు చీపుళ్ళు, ఒక సంచీ బ్లీచింగు పొడి, తుడవడానికి పాత చీరలు ఒక మూట. పదేళ్ళనాటి నా మాట గుర్తు చేస్తుందేమోనని తలవంచుకుని నిలబడ్డాను. అక్క ఆ ఊసే ఎత్తలేదు. చీరకొంగు దోపుకుని వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "మీ కిరాణా కొట్టు తెరిచాడా?" అని అడిగింది.

"నిన్ననే తెరిచాడు."

"అయితే ముందు వెళ్ళి నీ బాకీ ఎంతో చెప్పి రా. తరువాత ఇల్లు కడుగుదాం" అంది.

వెళ్ళాను. అక్కడ నాలాగే నలుగురు నిలబడి ఉన్నారు. కొట్టాయన కొత్త పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఇల్లు అమ్మే సంగతి ఆ సాయంకాలానికి నేను ఎవరితోనూ అనలేదు. ఆ తరువాత కూడా అనలేదు.

ఆ ఏడు విదియ నవంబరు 3న వచ్చింది. విశాఖపట్నం వెళ్ళాను. బావగారి మామిడిచెట్టు ఈనాటికీ తూర్పుకు కొంచెం ఒరిగే ఉంది. తాళ్ళు ఎప్పుడో తీసేశారు. నేను బతకదన్న చెట్టు కింద కూర్చోబెట్టి అక్క విస్తరి వేసింది. చేపలావిడ కూతురు గుమ్మంలో అక్కతో బేరమాడుతోంది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క నా చేతికి గుడ్డ కట్టిన జాడీ ఒకటి ఇచ్చింది.

"ఈ చెట్టు కాయలేరా. మరదలికి ఇయ్యి. రైల్లో ఒరగనివ్వకు" అంది.

విజయవాడ వచ్చేదాకా ఆ జాడీని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.